1991 వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్: ఓటమి అంతా లోనీ స్మిత్ ఖాతాలోనేనా?

రెండో బేస్ (హన్మకొండ)

అందరికీ నమస్కారం. నేను డిగ్రీ చదువుతున్నాను, కాలేజీ సాఫ్ట్‌బాల్ జట్టులో ఆడతాను. ఈమధ్య ఒక మ్యాచ్‌లో మా జట్టు అమ్మాయి రెండో బేస్ దాటి మూడో బేస్‌కు పరిగెత్తాల్సిన చోట, బంతి ఎటు పోయిందో కనబడక తటపటాయించి ఆగిపోయింది. ఒక్క పరుగుతో ఓడిపోయాం. మర్నాడు పీడీ సారు అందరినీ గ్రౌండు పక్కన చెట్టు కింద కూర్చోబెట్టి ఫోన్‌లో ఒక పాత వీడియో చూపించారు.

అది 1991 అక్టోబర్ 27న మినియాపోలిస్‌లో జరిగిన అమెరికా బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్. మినెసోటా ట్విన్స్‌కూ అట్లాంటా బ్రేవ్స్‌కూ చెరి మూడు గెలుపులు. తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో ఎనిమిదో ఇన్నింగ్స్ వచ్చినా స్కోరు 0-0. బ్రేవ్స్ రన్నర్ లోనీ స్మిత్ మొదటి బేస్ నుంచి ముందే పరుగందుకున్నాడు. టెర్రీ పెండిల్టన్ బంతిని ఎడమ, మధ్య ఫీల్డర్ల నడుమ గోడ దాకా కొట్టాడు. స్మిత్ నేరుగా హోమ్ ప్లేట్‌కు, అంటే పరుగు పూర్తయ్యే చోటికి, వచ్చేయాల్సింది. రెండో బేస్ దగ్గర ఆగి అటూ ఇటూ చూశాడు. చివరికి మూడో బేస్ వరకే వెళ్లగలిగాడు. బ్రేవ్స్ ఆ మ్యాచ్‌ను 1-0తో, సిరీస్‌ను 4-3తో పోగొట్టుకున్నారు.

“ఒక్క క్షణం ఆగినందుకు కప్పు పోయింది” అన్నారు సారు. అప్పటి నుంచి మా అమ్మాయి ప్రాక్టీసుకు వస్తోంది గానీ ఎవరితోనూ మాట్లాడటం లేదు. నాకు రెండు సందేహాలు. నిజంగా ఆ ఒక్కడి వల్లే పోయిందా? రెండోది, ఆ వీడియోలో ట్విన్స్ ఫీల్డర్లు ఇద్దరు బంతి తమ దగ్గరే ఉన్నట్టు నటించారు. అది నిబంధనలకు ఒప్పేనా? సిరీస్ మొత్తం తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

మానేరు (కరీంనగర్)

ఇందులో సందేహం ఎందుకు? మీ పీడీ సారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఆ బంతికి అతను సులువుగా వచ్చేసేవాడు. వస్తే 1-0, ఇంకా మిగిలింది రెండు ఇన్నింగ్స్‌లే. తలెత్తి బంతి వైపు చూడకుండా పరిగెత్తే రన్నర్‌ను ఎవరు మాత్రం సమర్థిస్తారు? క్రికెట్‌లో అయినా అంతే, నాన్‌స్ట్రయికర్ తన కళ్లతో చూసుకోకపోతే రనౌటే. మీ స్నేహితురాలిని బాధపెట్టాలని కాదు, ఆట ఆట లాగే చూడాలి కదా.

స్కోరు పుస్తకం (కాజీపేట)

నేను రైల్వేలో పనిచేస్తూ సాయంత్రాలు, ఆదివారాలు క్రికెట్ లీగ్ మ్యాచ్‌లకు స్కోరు రాసినవాణ్ణి. ఉద్యోగ విరమణ అయింది, పెన్సిల్ మాత్రం వదల్లేదు. బేస్‌బాల్ మీదికి మనసు పోయింది కూడా వాళ్లు స్కోరు రాసే పద్ధతి చూసే. ఒక్కొక్క బ్యాటర్‌కు ఒక చిన్న గడి, ఆ గడిలో ఒక వజ్రం బొమ్మ, అతను ఏ బేస్ వరకు వెళ్లాడో ఆ గీత వరకే నలుపు. ఈ మ్యాచ్ వీడియో పూర్తిగా పెట్టుకుని నేనూ నా పుస్తకంలో రాసుకున్నాను. దాన్ని ముందేసుకునే ఇప్పుడు జవాబిస్తున్నాను.

ముందు సిరీస్ సంగతి. 1990లో ఈ రెండు జట్లూ తమ తమ డివిజన్లలో అట్టడుగున ఉన్నాయి. బ్రేవ్స్ 97 మ్యాచ్‌లు ఓడారు, ట్విన్స్ 88. ఏడాది తిరిగేసరికి రెండూ ఫైనల్లో ఎదురుపడ్డాయి. ఏడు మ్యాచ్‌లలో అయిదు ఒక్క పరుగు తేడాతో తేలాయి. మూడు అదనపు ఇన్నింగ్స్‌కు వెళ్లాయి. నాలుగింట్లో ఆఖరి బ్యాటింగ్‌లోనే గెలుపు. పరుగులు మొత్తం కూడితే బ్రేవ్స్‌వి 29, ట్విన్స్‌వి 24. ఎక్కువ కొట్టినవాళ్లే ఓడారు. దానికి కారణం అయిదో మ్యాచ్‌లో బ్రేవ్స్ 14-5తో చితకబాదడం. మిగతా మ్యాచ్‌లకు ఆ పరుగులు అప్పివ్వడం కుదరదు గదా!

రెండో మ్యాచ్‌లో బ్రేవ్స్ బ్యాటర్ రాన్ గాంట్ మొదటి బేస్ మీదికి తిరిగొచ్చి కాలు పెట్టాడు. ట్విన్స్ ఆటగాడు కెంట్ హర్బెక్ ట్యాగ్ చేస్తూ చేస్తూ, అంటే బంతి ఉన్న చేత్తో తాకి ఔట్ చేయబోతూ, ఆ కాలును బేస్ మీద నుంచి పైకి లేపేశాడు. భారీ మనిషి. అంపైర్ మాత్రం గాంట్ తన ఊపుకే బేస్ వదిలాడని ఔట్ ఇచ్చాడు. ఆ మ్యాచ్ ట్విన్స్ 3-2తో గెలిచారు. వీడియో నిదానంగా తిప్పి చూసిన నాకు అది ఔట్ కాదు. అట్లాంటాలో ఓటమికి కారణం అడిగితే ముందు దీన్నే చెప్పేవాళ్లు చాలామంది, స్మిత్‌ను కాదు.

మూడో మ్యాచ్ అట్లాంటాలో. అప్పట్లో అక్కడ బ్రేవ్స్ ఆడే నేషనల్ లీగ్ పద్ధతి కాబట్టి పిచర్లు, అంటే బంతి వేసేవాళ్లు, కూడా బ్యాట్ పట్టాల్సి వచ్చేది. ట్విన్స్ మేనేజర్ టామ్ కెల్లీ ఒకరి తర్వాత ఒకరిని దింపుతూ పోయి 12వ ఇన్నింగ్స్‌కు చేతిలో బ్యాటర్లే లేకుండా చేసుకున్నాడు. బేస్‌లన్నీ నిండి ఉన్నప్పుడు రిక్ అగిలేరా అనే పిచర్‌ను బ్యాటింగ్‌కు పంపాల్సి వచ్చింది. అతను కొట్టింది క్యాచ్ అయింది. ఆ వెంటనే మార్క్ లెమ్కీ కొట్టిన దెబ్బకు డేవిడ్ జస్టిస్ పరిగెత్తుకొచ్చి బ్రేవ్స్‌ను 5-4తో గెలిపించాడు. ఆరో మ్యాచ్ కిర్బీ పకెట్‌ది. మూడో ఇన్నింగ్స్‌లో గోడకు ఎగిరి గాంట్ కొట్టిన బంతిని పట్టాడు, 11వ ఇన్నింగ్స్‌లో చార్లీ లైబ్రాంట్ వేసిన బంతిని స్టాండ్స్‌లోకి పంపి 4-3తో మ్యాచ్ ముగించాడు. ఇలా మూడు మూడు అయ్యాయి.

ఇక నీ ఎనిమిదో ఇన్నింగ్స్‌కు వస్తాను, బిడ్డా. మానేరు గారు ఒక్క విషయం చెప్పకుండా వదిలేశారు. పెండిల్టన్ దెబ్బ తర్వాత బ్రేవ్స్ పరిస్థితి ఏమిటి? మూడో బేస్ మీద స్మిత్, రెండో బేస్ మీద పెండిల్టన్, ఒక్కరూ ఔట్ కాలేదు. ఇంతకన్నా మంచి అవకాశం ఆ మ్యాచ్‌లో అప్పటి వరకు ఎవరికీ రాలేదు. అవుట్‌ఫీల్డ్‌లోకి కాస్త దూరంగా ఒక క్యాచ్ లేపినా చాలు, అది పట్టాక స్మిత్ ఇంటికి చేరతాడు.

నా పుస్తకంలో ఆ తర్వాతి గడులు ఇలా ఉన్నాయి. గాంట్ బలం లేకుండా మొదటి బేస్ వైపు దొర్లించాడు. హర్బెక్ ఏరుకుని తనే బేస్ తొక్కాడు. రన్నర్లు కదల్లేదు. జస్టిస్‌కు కావాలనే నడక ఇచ్చి, అంటే కొట్టనివ్వకుండా మొదటి బేస్‌కు పంపి, బేస్‌లు నింపారు. తర్వాత సిడ్ బ్రీమ్. అతనూ హర్బెక్‌కే కొట్టాడు. ఈ గడిలో నేను రాసింది 3-2-3. ఫీల్డర్లకు స్థానాన్ని బట్టి అంకెలు ఉంటాయి: మొదటి బేస్ మనిషి 3, హోమ్ ప్లేట్ వెనక కూర్చునే క్యాచర్ 2. అంటే హర్బెక్ బంతిని హోమ్ ప్లేట్‌కు విసిరాడు, క్యాచర్ బ్రయన్ హార్పర్ ప్లేట్ తొక్కి స్మిత్‌ను ఔట్ చేసి, బంతిని తిరిగి హర్బెక్‌కే విసిరాడు, బ్రీమ్ ఔట్. ఒక్క బంతికి ఇద్దరు. ఇన్నింగ్స్ అయిపోయింది.

స్మిత్ ఆగిన సంగతికి మాత్రం నా పుస్తకంలో గడి లేదు. రన్నర్ తటపటాయింపును ఎర్రర్‌గా రాసే పద్ధతి ఆ ఆటలో లేదు. గాంట్, బ్రీమ్ విఫలమైంది మాత్రం అంకెలతో సహా ఉంది. అయినా వీడియోల్లో అందరూ చూసేది స్మిత్‌నే, ఎందుకంటే రన్నర్ ఆగిపోవడం కంటికి కనబడుతుంది. బ్యాట్ అంచుకు తగిలి దొర్లిన బంతి ఎవరికి గుర్తుంటుంది?

అతను ఆగకపోతే పరుగు వచ్చేదే, కాదనను. కానీ స్మిత్ ఎవరో కూడా చూడాలి. అదే సిరీస్‌లో మూడు, నాలుగు, అయిదు మ్యాచ్‌లలో వరసగా హోమ్ రన్‌లు (బంతిని గోడ దాటించే దెబ్బలు) కొట్టినవాడు. అంతకుముందు 1980లో ఫిలడెల్ఫియాతో, 1982లో సెయింట్ లూయిస్‌తో, 1985లో కాన్సస్ సిటీతో వరల్డ్ సిరీస్ గెలిచినవాడు. మూడు వేర్వేరు జట్లకు ఆడి మూడుసార్లూ గెలిచిన మనిషి ఆట తెలియనివాడా?

ఇంకొకటి. ట్విన్స్ కూడా తక్కువేం తినలేదు. అదే ఎనిమిదో ఇన్నింగ్స్ రెండో సగంలో ఒక్క ఔట్ మీద వాళ్ల బేస్‌లు నిండాయి. హర్బెక్ లెమ్కీ చేతిలోకి కొట్టాడు, లెమ్కీ రెండో బేస్ తొక్కేశాడు, ఇద్దరు ఔట్. తొమ్మిదిలో మొదటి ఇద్దరూ బేస్‌ల మీదికి చేరారు. షేన్ మాక్ కొట్టిన బంతికి మళ్లీ ఇద్దరు ఔట్. ట్విన్స్ ఓడి ఉంటే ఇవాళ హర్బెక్, మాక్ పేర్లు తిట్టుకుంటూ మినెసోటాలో ఎవరో వీడియో చూపించేవాళ్లు.

నన్నడిగితే ఈ మ్యాచ్‌ను తేల్చింది జాక్ మోరిస్. 36 ఏళ్ల పిచర్, పక్కనే ఉన్న సెయింట్ పాల్‌లో పుట్టినవాడు. ఒకటో మ్యాచ్, నాలుగో మ్యాచ్, ఏడో మ్యాచ్, మధ్యలో మూడేసి రోజుల విశ్రాంతితో. తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యాక కెల్లీ ఇక చాలన్నాడు, మోరిస్ దిగనన్నాడు. పదో ఇన్నింగ్స్ కూడా తనే వేశాడు. 126 బంతులు, 8 స్ట్రయికౌట్‌లు (బంతిని కొట్టలేక ఔటైనవాళ్లు), పరుగు ఇవ్వలేదు. అవతల జాన్ స్మోల్ట్జ్, చిన్నప్పుడు మిషిగన్‌లో పెరుగుతూ ఇదే మోరిస్‌ను చూసి మురిసిపోయిన కుర్రవాడు, ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా ఒక్క పరుగూ ఇవ్వలేదు. ఇద్దరూ తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరారు, స్మోల్ట్జ్ 2015లో, మోరిస్ 2018లో. అలాంటి ఇద్దరు వేస్తున్న రాత్రి పరుగు రాకపోవడానికి రన్నర్ తప్పు వెతకనక్కర్లేదు.

పదో ఇన్నింగ్స్‌లో డాన్ గ్లాడెన్ బ్యాట్ విరిగింది, బంతి ఖాళీలో పడింది, అతను ఆగకుండా రెండో బేస్ చేరాడు. చక్ నాబ్లాక్ బంట్ పెట్టి, అంటే బ్యాట్ ఊపకుండా బంతిని మెల్లగా దొర్లించి, అతన్ని మూడో బేస్‌కు పంపాడు. పకెట్‌కూ హర్బెక్‌కూ కావాలనే నడక. మోకాలు బాగాలేని జీన్ లార్కిన్ బ్యాటింగ్‌కు వచ్చి, దగ్గరికి జరిగి నిలబడ్డ ఫీల్డర్ల మీదుగా మొదటి బంతినే లేపాడు. 1-0.

గోదావరి గట్టు (మంచిర్యాల, ప్రస్తుతం మినియాపోలిస్)

స్కోరర్ సార్, దండాలు. మీరు రాసిందాంట్లో మైదానం గురించి రాలేదు, అది నేను చెబుతాను. ఆ సిరీస్ ఏడు మ్యాచ్‌లూ సొంతగడ్డ మీద ఆడినవాళ్లే గెలిచారు. ట్విన్స్ 1987లో సెయింట్ లూయిస్ మీద గెలిచింది కూడా అచ్చం అలాగే. రెండు సిరీస్‌లూ కలిపి ఇక్కడ ఎనిమిదికి ఎనిమిది గెలిచి, బయట ఆరుకు ఆరు ఓడారు. ఏడో మ్యాచ్ ఎవరి ఊళ్లో ఉంటుందనేది అప్పట్లో ప్రతిభను బట్టి కాదు, ఏడాదికొక లీగ్‌కు వంతులవారీగా వచ్చేది. 1987లో సెయింట్ లూయిస్ 95 మ్యాచ్‌లు గెలిచి, ట్విన్స్ 85 మాత్రమే గెలిచినా, వంతు ట్విన్స్ లీగ్‌దే. 1991లో వంతుతో పని లేకపోయినా 95-94 గెలుపులతో ట్విన్స్‌కే వచ్చేది లెండి.

ఆ మైదానం పేరు మెట్రోడోమ్. తెల్లటి గుడ్డ లాంటి పైకప్పు, దాన్ని గాలి ఊది నిలబెట్టేవారు. ఫ్యాన్లు ఆపితే కప్పు కిందికి దిగుతుంది. 2010 డిసెంబర్‌లో మంచు బరువుకు నిజంగానే చిరిగి కూలింది. ఆ తెల్లటి కప్పులో తెల్లటి బంతి కలిసిపోయేది, కొత్తగా వచ్చిన జట్లకు ఎత్తు బంతులు కనబడేవి కావు. అరుపులు బయటికి పోయే దారి లేదు. మూడో బేస్ కోచ్ గొంతు చించుకున్నా రన్నర్‌కు వినబడని చోటు అది. ఇక కింద పరిచింది ప్లాస్టిక్ పచ్చిక, కింద గట్టి నేల. మీరు గ్లాడెన్ బంతి ఖాళీలో పడిందన్నారు కదా, అది పడ్డాక ఎంత ఎత్తుకు లేచిందో వీడియోలో మళ్లీ చూడండి. మామూలు గడ్డి మీద అది ఒక్క బేస్ దెబ్బే. ఆ లేచిన సమయంలోనే గ్లాడెన్ రెండో బేస్‌కు పరిగెత్తాడు.

ఇప్పుడు అక్కడ మెట్రోడోమ్ లేదు, 2014లో పడగొట్టి అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియం కట్టారు. ట్విన్స్ 2010 నుంచి టార్గెట్ ఫీల్డ్‌లో ఆడుతున్నారు. అక్కడ 34వ నంబరు గేటు దగ్గర పకెట్ విగ్రహం ఉంది, ఆరో మ్యాచ్ హోమ్ రన్ తర్వాత పిడికిలి ఊపుతూ పరిగెత్తే భంగిమలో. 34 అతని చొక్కా నంబరు. ఇంకో ముచ్చట: హర్బెక్ గాంట్ కాలు లేపిన ఆ ట్యాగ్‌ను ఇక్కడివాళ్లు సిగ్గుపడకుండా 2011లో తలాడించే బొమ్మగా చేసి ప్రేక్షకులకు పంచారు. అట్లాంటావాళ్లకు ఎంత మండి ఉంటుందో!

చెల్లెమ్మా, సొంత మైదానంలోనే గెలుస్తారన్నది సూత్రమేమీ కాదు. 2019లో వాషింగ్టన్, హ్యూస్టన్ ఆడినప్పుడు ఏడు మ్యాచ్‌లూ బయటి జట్టే గెలిచింది.

రెండో బేస్ (హన్మకొండ)

ఇంత ఓపికగా రాసినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. కాజీపేట సార్, మీరు రాసిన ఎనిమిదో ఇన్నింగ్స్ భాగాన్ని మా గ్రూపులో పెట్టాను. పీడీ సారు కూడా చదివారు, ఏమీ అనలేదు. నా రెండో సందేహానికి మాత్రం ఎవరూ జవాబివ్వలేదు. అలా నటించి రన్నర్‌ను మోసం చేయవచ్చా? మేం చేస్తే అంపైర్ ఊరుకుంటారా?

మానేరు (కరీంనగర్)

స్కోరర్ గారు చెప్పిన గాంట్, బ్రీమ్ సంగతి ఒప్పుకుంటాను. కానీ ముందు స్మిత్ ఆగకపోతే వాళ్ల మీద ఆ భారమే పడేది కాదు. నా మాట మీదే నేను ఉన్నాను.

స్కోరు పుస్తకం (కాజీపేట)

మానేరు గారూ, ఉండండి. స్కోరు 1-0 అయ్యుంటే ఆ తర్వాత రెండు జట్లూ వేరే ఆట ఆడేవి, మోరిస్ వేరే బంతులు వేసేవాడు. అది మీరూ రాయలేరు, నేనూ రాయలేను.

బిడ్డా, నీ రెండో ప్రశ్న. ఆ వీడియోలో నటించింది రెండో బేస్ ఫీల్డర్ నాబ్లాక్. అది అతనికి మొదటి సీజన్, ఆ ఏడాది ట్విన్స్ ఆడే అమెరికన్ లీగ్ ఉత్తమ కొత్త ఆటగాడు కూడా అతనే. బంతి వెనక గోడ దగ్గర ఉంటే, ఇతను నేల మీద దొర్లిన బంతిని ఏరుతున్నట్టు వంగి, రెండు, మూడో బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ గ్రెగ్ గాగ్నీకి అందిస్తున్నట్టు చెయ్యి ఊపాడు. గాగ్నీ అందుకోవడానికి బేస్ మీదికి వచ్చాడు. ఇద్దరి చేతుల్లోనూ ఏమీ లేదు. స్మిత్ మాత్రం తర్వాత తాను దానికి మోసపోలేదనీ, బంతి క్యాచ్ అవుతుందేమోనని ఆగాననీ చెప్పాడు. వీడియోలో అతని తల ఎటు తిరిగిందో నువ్వే చూసి తేల్చుకో. నేను చూసినంతలో అతని మాట నమ్మదగ్గదే. అతను మూడో బేస్ వైపు వెళ్లలేక చూస్తున్నది ఫీల్డర్లను కాదు, అవుట్‌ఫీల్డ్‌ను.

బేస్‌బాల్‌లో అలా నటించడం తప్పు కాదు. రన్నర్ దారికి అడ్డం రానంత వరకు అది తెలివితేటల కిందే లెక్క. సాఫ్ట్‌బాల్‌లో ఒక తేడా ఉంది, జాగ్రత్త. చేతిలో బంతి లేకుండా రన్నర్‌ను ట్యాగ్ చేస్తున్నట్టు నటిస్తే దాన్ని అడ్డుకోవడంగా పరిగణిస్తారు. నాబ్లాక్ చేసింది ట్యాగ్ నటన కాదు, కాబట్టి ఆ గీత వేరు. మీ పోటీల నిబంధనల పుస్తకం మీ పీడీ సారు దగ్గరే ఉంటుంది, అడిగి చదువుకో.

క్రికెట్‌లో మాత్రం 2017 అక్టోబర్ నుంచి అమల్లోకి వచ్చిన చట్టాల్లో 41.5 చూడండి. బ్యాటర్‌ను కావాలని మోసగిస్తే ప్రత్యర్థికి 5 పెనాల్టీ పరుగులు. ఆస్ట్రేలియా దేశవాళీ వన్డే పోటీల్లో ఆ సెప్టెంబర్‌లోనే దీన్ని అమలు చేస్తే, ముందుగా దొరికింది మార్నస్ లబుషేన్. డైవ్ చేసి బంతి అందుకోలేక, అందుకున్నట్టు లేచి విసరబోయాడు. అంపైర్లు వెంటనే క్వీన్స్‌లాండ్‌కు శిక్ష వేశారు. దానికి ముందు మన మైదానాల్లో ఇలాంటివి ఎన్ని చూశానో, చప్పట్లు కొట్టేవాళ్లు.

ఇక నీ స్నేహితురాలి సంగతి. ఆమె ఆగినప్పుడు మూడో బేస్ పక్కన కోచ్ ఎవరైనా నిలబడి ఉన్నారా? చేతులతో సైగ చేశారా? రన్నర్ వీపు వెనక ఉన్న బంతిని చూసి చెప్పాల్సిన పని వాళ్లది. బ్రేవ్స్ మూడో బేస్ కోచ్ సైగ స్మిత్‌కు చేరిందా లేదా అన్నది మంచి ప్రశ్న, ఆ హోరులో. మీ దగ్గర హోరు లేదు కదా. ఆ రోజు ఆ చోట ఎవరు నిలబడ్డారో కనుక్కుని రాయి.

రెండో బేస్ (హన్మకొండ)

నేనే నిలబడ్డాను సార్. చెయ్యి ఊపాను. ఆమె నా వైపు చూడలేదు, నేను పేరు పెట్టి అరవలేదు. ఈ సాయంత్రం ఇద్దరం కలిసి అదే ఒక్కటి ప్రాక్టీసు చేస్తాం, బంతి ఆమె వెనక, అరుపు నాది.